లెక్కలు చేయు ద్రావణములు



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆ మహనీయుని నామధేయము మీ చేతులందున్న ఆహ్వానపత్రికపై నున్నది. మేము మాత్రము ఆయనను మాస్టారు అనియే పిలిచెడివారము. ఇన్నేండ్ల తరువాత కూడ నా నోట మఱియొక పిలుపు రాదు. ఆయనను గూర్చి చెప్పవలసినవి పెక్కు గలవు గాని, నేటి విషయమునకు తలుపు తీయు సంఘటన మొక్కటియే విన్నవించెదను. నేను ఇంటర్మీడియెటు చదువు కాలమున ఒకనాడు ప్రయోగశాలలో ఆమ్లక్షార అంశమాపనము చేయుచు, నా బ్యూరెట్టు చూపిన అంకె ప్రక్కవాని అంకెతో కలియకపోగా, జడిసి, నా అంకెను వానికి సరిపోవునట్లు దిద్దుకొంటిని. మాస్టారు వెనుక నిలిచియుండిరని నాకు తెలియదు. ఆయన కోపపడలేదు. నా పుస్తకముపై వ్రేలుంచి, "నీకు కనపడ్డది రాయవోయ్, పుస్తకానికి కావలసింది కాదు" అని ముందునకు సాగిపోయిరి. ఆ మాట ఎంత బరువైనదో, దానిని పాటింపకపోవుటచే ఒక శాస్త్రము ఎన్ని యేండ్లు ఆలస్యమైనదో నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆ కథయే నేటి ప్రసంగమునకు నిట్రాడు.

లెక్కించు యంత్రమనగానే మన మనస్సునకు సిలికాను బిళ్ళయు, విద్యుత్తును, వెలుగుచున్న తెరయు తోచును. ఇది అభ్యాసబలమే గాని న్యాయము కాదు. కొన్ని పరిమాణములను గైకొని, ఒక నియమము ననుసరించి, మఱియొక పరిమాణమును నిస్సందేహముగ పుట్టించు వ్యాపార మేదియైనను గణనమే; అది పలకపై బలపముతో జరిగినను, చింతగింజలతో జరిగినను, గాజుపాత్రలోని ద్రావణమున జరిగినను ఒక్కటియే. నాడు నా బ్యూరెట్టు క్రింద జరిగిన దేమి? ఫ్లాస్కులోని ఆమ్లము తెలియని రాశి. పైనుండి చుక్కచుక్కగా దిగు క్షారము ఆ రాశిని తీసివేయుచుండెను. తీసివేత ముగిసి శేషము అటునుండి ఇటు మాఱిన క్షణమున, ఒక్క చుక్కతో, ఫినాఫ్తలీను గులాబి వన్నె దాల్చెను. అనగా ద్రావణము మొదట తీసివేత చేసినది, పిమ్మట "మించినదా, లేదా" అను ప్రశ్నకు సమాధానమును చెప్పినది. పసుపులో సున్నము కలిపి పారాణి చేయు మన ముత్తైదువులకు ఈ రెండవ పని తరతరములుగా తెలిసినదే. క్షారము తగినంత చేరువఱకు పసుపు పసుపుగనే యుండును, చేరినంతనే ఎఱ్ఱబారును.

కూడికలు తీసివేతలు అంత సులభముగ సాగుటకు కారణము రసాయన సమీకరణము స్వభావముచేతనే ఒక అంకగణిత వాక్యమగుట. క అను ద్రవ్యముయొక్క అణు వొకటియు, చ అను ద్రవ్యముయొక్క అణు వొకటియు కూడి ట అను అణు వొకటి యగు ననుకొనుడు. చర్య తుదముట్ట జరిగినచో, క, చ లలో ఏది తక్కువయో అంత ట మాత్రమే పుట్టును. పెండ్లిపందిట వరులు పదిమందియు వధువులు ఏడుగురును ఉన్నచో ఏడు పెండ్లిండ్లే జరుగును గదా! రెండు రాశులలో చిన్నదానిని ఏరుట ఇట్లు ఒక్క చర్యతో తీరినది. రెండణువులు కలిసి ఒకటైనచో సగము చేయుట, ఒకటి చీలి రెండైనచో రెట్టించుట, వేర్వేరు ద్రవ్యములు రెండును ఒకే ద్రవ్యముగ మాఱినచో కూడిక. సమీకరణములను తుల్యము చేయుటకు మేము పడిన పాట్లు ఒకవిధముగ ప్రోగ్రాము వ్రాయు పాట్లేయని నాడు మాకెవ్వరు చెప్పిరి?

ఐనను కూడి, తీసి, ఊరకుండు ద్రావణమును లెక్కపలక యనవచ్చును గాని యంత్ర మనలేము. యంత్రమునకు జ్ఞాపకముండవలెను, పని ముగిసినపిదప మొదటి స్థితికి మరలి రావలెను, ఒకచోట పుట్టిన వార్త మఱియొకచోటికి పోవలెను. సమతాస్థితికి చేరిన ద్రావణమునకు చెప్పవలసిన వార్త యేదియు మిగిలియుండదు. సమతాస్థితికి దూరముగ, తిండి తినుచు వేడి విడుచుచు, ప్రాణివలె మనుగడ సాగించు ద్రావణము కావలెను. అట్టిది మాస్కోలో ఒకరికి దొరకినది, దొరకినదని చెప్పగా పత్రికలవారు నమ్మలేదు.

బోరిస్ బెలూసోవ్ 1893లో జన్మించిన రష్యా రసాయనికుడు. సైన్యమునకు విషవాయువుల విషయమున పెక్కేండ్లు పనిచేసి, ఆమీద జీవరసాయనమువైపు మరలినవాడు. మన కణములలో ఆహారము క్రమక్రమముగ దహనమగు క్రెబ్స్ చక్రమునకు పరీక్షానాళికలో ఒక నకలు కల్పింపదలచి, ఆయన సిట్రికామ్లమును, అనగా మన వంటింటి నిమ్మఉప్పునే, గంధకికామ్లముతోడి నీటిలో కరగించి, దానికి బ్రోమేటు లవణమును, ఉత్ప్రేరకముగ కొంచెము సీరియమును చేర్చెను. పసుపువన్నె ద్రావణము వివర్ణమై అంతటితో నిలిచిపోవలసినది. అది వివర్ణమయ్యెను, మరల పసుపయ్యెను, మరల వివర్ణమయ్యెను, ఎవ్వరును చేయి వేయకుండగనే గడియారమువలె అట్లు మాఱుచునే యుండెను. 1951లో ఆయన పంపిన వ్యాసమును అట్టిది అసంభవమని త్రిప్పిపంపిరి. కొన్నేండ్లు శ్రమించి మఱింత సాక్ష్యము చేర్చి పంపగా అదియును గట్టెక్కలేదు. బెలూసోవ్ మనసు విఱిగి ఆ ప్రయత్నమునే మానుకొనెను. తుదకు 1959లో, వికిరణ వైద్యమునకు సంబంధించిన ఒక సంగ్రహసంపుటమున, రసాయనికు లెవ్వరును తెఱచి చూడని చోట, ఆ విషయము చిన్న వ్యాసముగ వెలువడినది. ఇందొక విధివిలాసము గలదు: ఏ చక్రమునకు నకలు చేయబోయి బెలూసోవ్ ఈ చిక్కున పడెనో, ఆ చక్రమును కనుగొన్న క్రెబ్స్ వ్యాసమును కూడ 1937లో నేచర్ పత్రిక స్వీకరింపలేదు.

సంపాదకులను ఊరక నిందించుట న్యాయము కాదు. రసాయన చర్య పల్లమునకు పాఱు నీటివంటిది, సమతాస్థితివైపే పోవును, పోయినది వెనుకకు రాదు అని ఉష్ణగతిశాస్త్రము నేర్పిన పాఠము. ద్రావణము ఇటునటు ఊగుచున్నదనుట వారికి నీరు మిట్టకెక్కినదనుటవలె వినబడినది. అంతకుముందు 1921లో కాలిఫోర్నియాలో విలియం బ్రే హైడ్రోజన్ పెరాక్సైడు, అయోడేటుల చర్యలో ఇట్టి ఊగిసలాటనే చూచి ప్రకటించినప్పుడును నమ్మనివారు పాత్రలోని ధూళికణములపై నెపము వేసిరి. వారు పొరబడిన చోటు ఒక్కటియే. గడియారపు లోలకము ఊగినట్లు ఈ ద్రావణము సమతాబిందువును దాటి ఇరువైపుల ఊగదు. ఇంధనము ఎల్లప్పుడు తరుగుచునే యుండును, అది ముగియగనే ఆటయు ముగియును. ఊగునవి నడిమి ద్రవ్యములు మాత్రమే. కాలువ పల్లమునకే పాఱును, ఐనను దారిలో సుడులు తిరుగుటలేదా? ఇదంతయు వాదము. వాదమునకు ముందు చేయదగిన పని వేఱొకటి యుండెను: నాలుగు సీసాలు దెచ్చి కలిపి చూచుట. దానికి గంటసేపైనను పట్టదు. నా బ్యూరెట్టు అంకెను నేను దిద్దుకొన్నట్లే, అంతటి పండితులును కంటికి కనబడగలదానిని పుస్తకమునకు సరిపోవునట్లు దిద్దిరి.

1961లో మాస్కో విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగ నున్న అనతోలీ జబోతీన్‌స్కీ ఈ పనిని చేపట్టి, నిమ్మఉప్పునకు బదులు మలోనికామ్లమును వాడి, ఎవ్వరు చేసినను కుదురు రీతిగ దానిని తీర్చిదిద్ది 1964లో ప్రకటించెను. నేడు ఆ చర్యకు ఇరువురి పేరులును గలవు. 1980లో సోవియట్ ప్రభుత్వము ఈ కృషికి లెనిన్ బహుమతి నిచ్చునాటికి బెలూసోవ్ గతించి పదేండ్లయ్యెను.

ద్రావణము ఊగుట కేమి కారణమో 1972లో ఫీల్డ్, కోరోష్, నోయిస్ అను మువ్వురు విడమర్చిరి. దాని సూక్ష్మమును తెలుగింటి పాలకుండతో చెప్పవచ్చును. పాలలో వేసిన చిటికెడు తోడు తనవంటిదానినే మఱింత పుట్టించుకొనుచు కుండనంతయు పెరుగు చేయును; ఈ ద్రావణమున బ్రోమసామ్లము అట్టి తోడు. బ్రోమైడు అయాను దానికి శత్రువు. బ్రోమైడు తగినంత యున్నంతకాలము తోడు అంటుకొనదు. చర్య సాగుచు బ్రోమైడును తిని తిని ఒక హద్దునకు క్రిందికి దించినంతనే తోడు ఒక్కుమ్మడి చెలరేగి సీరియమును ఆక్సీకరించును, పసుపువన్నె వచ్చును. ఆ సీరియము మలోనికామ్లపు ఉత్పన్నములపై బడి వానినుండి బ్రోమైడును విడిపించును. విడివడిన బ్రోమైడు తోడును అణచును, వన్నె పోవును. హద్దు, విజృంభణము, తనను తానే అణచుకొనుట: ఈ మూడును మన నరములలో వార్త నడచుటకును మూలములే.

ఈ ద్రావణమును లోతైన పాత్రలో గాక పళ్ళెమున పలుచగ పోసి, సీరియమునకు బదులు ఫెర్రోయిన్ చేర్చినచో, ఎఱ్ఱని నేలపై నీలివలయములు పుట్టి, నిమిషమునకు కొలది మిల్లీమీటరుల వేగముతో విస్తరించును. జాయ్‌కిన్, జబోతీన్‌స్కీలు 1970లో దీనిని వర్ణించిరి. ఈ తరంగములు చెఱువులోని అలలవంటివి కావు. చెఱువు అలలు ఒకదానినొకటి దాటిపోవును. ఇవి ఎదురుపడినచోట రెండును నశించును. ఎండుగడ్డి బీడున ఎదురెదురుగ వచ్చిన రెండు మంటలు కలిసినచోట ముందున్నది బూడిదయే గనుక రెండును ఆఱును గదా, అట్లే. భేదమొక్కటి: ఈ బీడున కొంతసేపటికి గడ్డి మరల మొలచును. 1972లో ఆర్థర్ విన్‌ఫ్రీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ వలయములు తెగినచోట సర్పిలములై చుట్టుకొనుటను చూపెను. గుండె లయ తప్పి ప్రాణము తీయు వేళ దాని కండరమున తిరుగు విద్యుత్తరంగముల కవి సోదరులు.

ఇక తర్కము. తెలుగున "రాముడును కృష్ణుడును వచ్చిరేని తలుపు తెఱువుము" అన్నచో ఒక్కడు వచ్చిన తెఱువరాదు. "రాముడు గాని కృష్ణుడు గాని" అన్నచో ఎవడు వచ్చినను చాలును. సముచ్చయము, వికల్పము అని మన వైయాకరణులు చెప్పు ఈ రెంటికి "కాదు" అను నిషేధమును చేర్చినచో, కంప్యూటరు చేయు తర్కమంతయు వీనినుండియే అల్లవచ్చును. పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయమున అగోతా తోత్, కెన్నెత్ షోవాల్టర్‌లు 1995లో సన్నని గాజునాళములతో సముచ్చయ ద్వారమును కల్పించు విధము చూపిరి. నాళము మిక్కిలి ఇఱుకైనచో దానినుండి వెలువడు తరంగము, విశాలమైన ద్రావణమున నిలదొక్కుకొనలేక ఆఱిపోవును. రెండు నాళములనుండి రెండు తరంగములు ఏకకాలమున వెలువడినచో ఒకదానికొకటి ఊతయై బ్రతుకును. ఒక్కటి రాగా లేదు, రెండును రాగా అవును: ఇదియే తర్కద్వారము, తీగె లేదు, మీట లేదు.

అదే యేట అదే బృందమువారు ఈ ద్రావణముతో తడిపిన పలుచని పొరపై ఒక పద్మవ్యూహము కల్పించి, ఒక మూల తరంగమును రగిల్చిరి. అది అన్ని సందులలోనికి ఒక్కసారిగ జొరబడి, ప్రతి బిందువును దగ్గఱి దారినే ముందుగ చేరినది. అభిమన్యునివలె ఒక్కొక్క దారినే వెదకి చిక్కుపడు బాధ దానికి లేదు. అన్ని దారులును ఒకేమారు నడచును. ఐతే ఈ ప్రయోగమును గూర్చి చెప్పువారు తఱచు ఒక మాట మింగివేయుదురు: నడచినది తరంగమే గాని, ఆ నడకను బొమ్మలు తీసి దారిని గీసి చూపినది మామూలు కంప్యూటరే. అంతకు ముందు 1989లో కూనెర్ట్, అగ్లాద్జే, క్రిన్‌స్కీలు వెలుగు సోకినచో నడక మార్చుకొను రుథీనియపు ఉత్ప్రేరకముతో ఒక పళ్ళెమునకు చిత్రమును చూపగా, ద్రావణము ఆ చిత్రమును నిలుపుకొని, నలుపు తెలుపులను తారుమారు చేసి, అంచులను దిద్దిచూపినది. నాకు ఇది పద్మవ్యూహముకంటె ఎక్కువ నచ్చిన ప్రయోగము. ఇచ్చట చూచునదియు, మలచునదియు, చూపునదియు ఆ ద్రావణమే.

ఇంతలో ఒక వింత చెప్పవలెను. కంప్యూటరు శాస్త్రమునకు 1936లో పునాది వేసిన అలన్ ట్యూరింగ్, మాంచెస్టరులో నుండగా, 1952లో ప్రకటించిన వ్యాసమున, రెండు రసాయనములు వేర్వేరు వేగములతో వ్యాపించుచు చర్య జరుపుకొన్నచో సమముగ నున్న ద్రావణమున తమంత తామే మచ్చలును చారలును ఏర్పడునని గణితముతో నిరూపించెను. ప్రయోగమున దానిని చూపుట 1990లో బోర్డో నగరపు శాస్త్రజ్ఞులకు గాని కుదరలేదు. మాస్కోలో ఒకడు ఊగు ద్రావణమును చేత పట్టుకొని నమ్మువాడు లేక తిరుగుచుండగా, మాంచెస్టరులో మఱియొకడు రంగులు వేసికొను ద్రావణమును కాగితముపై చూచుచుండెను. ఒకరినొకరు ఎఱుగరు. ట్యూరింగ్ 1954లో మరణించెను.

అణువుల గణనమున రెండవ మార్గము 1994లో తెఱువబడినది. రహస్యలిపి విద్యలో ప్రసిద్ధుడైన లెనార్డ్ అడెల్‌మన్ ఏడు పట్టణములు, వాని నడుమ పదునాలుగు ఏకముఖపు దారులు గల ఒక పటమును గైకొని, ప్రతి పట్టణమును ఒక్కొక్క సారి మాత్రమే తాకు యాత్ర గలదా యను ప్రశ్నను డి.ఎన్.ఏ. పోగులకు అప్పగించెను. పట్టణమునకు ఇరువది అక్షరముల పోగు. దారికి రెండు పట్టణముల సగములు కలిసిన పోగు. జతకూడదగిన అక్షరములు జతకూడి కోటానుకోట్ల యాత్రలు ఏకకాలమున ఒక నాళికలో అల్లుకొన్నవి. పనికిమాలినవానిని ఏరివేయుటకు మాత్రము ప్రయోగశాలలో ఏడు దినములు పట్టినది. ఆ ఉత్సాహమున సిలికానునకు కాలము చెల్లినదని వ్రాసినవారు గలరు. వెనువెంటనే యూరిస్ హార్ట్‌మానిస్ లెక్కగట్టి, పట్టణములు రెండువందలైనచో కావలసిన డి.ఎన్.ఏ. బరువు భూగోళపు బరువును మించునని చూపెను. ఇంతకంటె సూటియైన సమీక్షను నేనెఱుగను.

2011లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో లూలూ చియాన్, ఎరిక్ విన్‌ఫ్రీలు, ఒక పోగు మఱియొక పోగును జతనుండి త్రోసి దాని స్థానమును ఆక్రమించు ధర్మమును వాడి, 130 పోగులతో ఒక యంత్రమును అల్లిరి. అది సున్న మొదలు పదునైదువఱకు గల సంఖ్యకు వర్గమూలమును, భిన్నము విడిచి, చెప్పును. చెప్పుటకు గంటలు పట్టును. ఈ ఎరిక్, సర్పిలములు చూపిన ఆర్థర్ విన్‌ఫ్రీ కుమారుడు. తండ్రి తరంగములలో చూచిన దానిని కుమారుడు అణువులలో వెదకుచున్నాడు.

పదునైదు లోపలి సంఖ్యకు వర్గమూలము చెప్పుటకు గంటలు పట్టు యంత్ర మెందులకు? విద్యార్థులు నవ్వుకొనుచున్నారు, నేనును నవ్వితిని. నా నిర్ణయమిది: వేగమునకై ద్రావణములను ఆశ్రయించువాడు ఎద్దుబండితో రైలును తఱుమువాడు. ద్రావణముతో లెక్క చేయించుటకు ఆధిక్యము వేగమున లేదు, స్థానమున కలదు. ప్రశ్నయే రసాయనమైనచోట, రక్తమున సోడియ మెంత, ఈ కణమున ఏ అణువు ఎక్కువైనది అనునట్టి చోట, ప్రశ్నను విద్యుత్తులోనికి తర్జుమా చేసి, జవాబును మరల మందులోనికి తర్జుమా చేయుటకంటె, అచ్చటనే, ఆ భాషలోనే తేల్చుట మేలు. సింహళమున పుట్టి బెల్‌ఫాస్టున పనిచేసిన ప్రసన్న డి సిల్వా 1993లో ఒకే యొక అణువును నిర్మించెను. దానికి హైడ్రోజన్ అయానును సోడియం అయానును రెండును తగిలినప్పుడే అది వెలుగును. అదియును సముచ్చయమే, కాని గాజునాళములు అక్కఱలేదు. అదే వెలుగు సూత్రముపై నిలిచిన సాధనములు నేడు రక్తములోని లవణములను కొలుచుచున్నవి.

ఈ విద్యలో మనకంటె ముందున్న యంత్రమొకటి మన ప్రేగులలోనే కాపురముండును. ఇ. కోలై అను సూక్ష్మజీవి ఆహారమువైపు ఈదునప్పుడు, ఇప్పటి గాఢతను కొన్ని క్షణముల క్రిందటి గాఢతతో పోల్చుకొనును; పెరుగుచున్నదా, అదే దారిన పోవును; తరుగుచున్నదా, పొర్లి దిక్కు మార్చుకొనును. దానికి నరములు లేవు, మెదడు లేదు; గ్రాహకములపై మిథైలు గుంపులు ఎక్కుటయు దిగుటయునే దాని జ్ఞాపకము. మన కణములలో అట్టి మీటలు పెక్కింటిని వేయుటకును తీయుటకును ఫాస్ఫేటు గుంపు తాళముచెవి. ఆ తాళముచెవిని అందించునది ఏ.టి.పి. అను అణువు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డున ఫిస్కెతో కూడి, రక్తమునందలి భాస్వరమును నీలివన్నెతో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించి, ఆ కొలతను నమ్ముకొని పోగాపోగా 1929లో ఆ అణువును గుర్తించిరి. కొలత సాగుచుండగా ఒక రంగు రావలసినట్లు రాక ఆలస్యముగ వచ్చినది. ఆ ఆలస్యమును లోపమని కొట్టివేయక తఱచి చూచినందువలన, కండరములోని ఫాస్ఫోక్రియాటిను అంతకు ముందే, 1927లో, వారికి చిక్కినది. మాస్టారు ఈ కథను మాకు ఏటేట చెప్పెడివారు. బెలూసోవ్ కథ ఆయనకు తెలిసియుండినచో దానిని కూడ చెప్పియుండెడివారే.

ఉపన్యాసము ముగిసినది. ప్రక్కనున్న ప్రయోగశాలలో ఆచార్యులు నా కోరికపై మలోనికామ్లము, బ్రోమేటు, ఫెర్రోయిన్ కలిపిన పళ్ళెములు రెండు సిద్ధము చేయించిరి. విద్యార్థులు కంటి అద్దములు పెట్టుకొని లోనికి పోవలెను. పళ్ళెమును కదపకుడు. మొదటి నీలిచుక్క ఎప్పుడు, ఎచ్చట పుట్టినదో, రెండు వలయములు కలిసినచోట ఏమైనదో, ప్రక్కవాని పుస్తకము చూడక వ్రాసికొనుడు.